నాలుగో గేరు

లారీ శాంత పేరు మీద ఉంది. తోలేది ఆమె భర్త తిరుపతి. సిరిసిల్ల కుట్టు కంపెనీలో ఆమెకు నెలనెలా జీతం చీటీ వస్తుంది కనుక ఫైనాన్స్ వాళ్లు ఆమె పేరే అడిగారు. చూపించిన చోటల్లా సంతకాలు చేసి కోనరావుపేటకు తిరిగి వచ్చిన తర్వాత, ఏడాదిన్నర పాటు ఆ బండికి తాను యజమానినన్న సంగతి ఆమెకు ఎవరూ గుర్తు చేయలేదు. జగిత్యాల షోరూము నుంచి వచ్చిన ఉత్తరం గుర్తు చేసింది. "వాహన యజమాని గారికి" అని మర్యాదగా మొదలై, ఇంజనుకు వారంటీ వర్తించదని అంతే మర్యాదగా ముగిసిన ఉత్తరం అది.

ఇంజను పోయి అప్పటికి పంతొమ్మిది రోజులు. బీర్పూర్‌లో వడ్లు ఎత్తుకుని సిరిసిల్ల దిక్కు మిల్లుకు వస్తుండగా, జగిత్యాల పొలిమేరలో లోపల ఏదో విరిగిన చప్పుడైంది. ఆయిల్ గుర్తు ఎర్రగా వెలిగింది. తిరుపతి పక్కకు తీసి ఆపేలోగా ఇంజను పట్టేసింది. వడ్లను వేరే బండిలోకి మార్చి, లారీని ఇంకో లారీకి కట్టి షోరూముకు ఈడ్చుకెళ్లారు.

వారంటీ మూడేళ్లు. భయపడవలసిన పని లేదు. భయాన్ని తెచ్చిపెట్టింది తిరుపతి నోరే. సర్వీసు మేనేజరు దివాకర్ చాయ్ తెప్పించి, "బండికి బయట ఏమన్న పని చేయించినవా అన్నా?" అని మెత్తగా అడిగాడు. అడిగినవాడికి అడిగినదానికన్నా ఎక్కువ చెప్పడం తిరుపతికి పుట్టుకతో వచ్చిన గుణం. నాలుగు నెలల కింద కోరుట్లలో ఎహసాన్ దగ్గర పికప్ బాక్సు పెట్టించానని, దాన్ని డాష్‌బోర్డు కింద బిగిస్తే ఇంజనుకు బలం వస్తుందని, వచ్చిందని చెప్పాడు. దివాకర్ కాగితమూ పెన్నూ ముందు పెట్టాడు. తిరుపతి రాసిచ్చాడు: "బాక్సు పెట్టినంక బండికి బలమచ్చింది. నిండు లోడుతోని బీర్పూర్ ఎగుడు మూడో గేరుల ఎక్కేది నాలుగో గేరుల ఎక్కింది. నేనే తోలిన." కింద సంతకం.

బండి కొన్ననాడు అదే షోరూములో అతని చేతికి నూట నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. అందులో ఏముందో ఆ రోజు తెలుగులో చెప్పే తీరిక ఒక్కరికీ దొరకలేదు. ఒప్పుకోలు రాయించుకోవలసి వచ్చేసరికి మాత్రం తెలుగు చక్కగా సరిపోయింది.

ఉత్తరాన్ని శాంత రెండుసార్లు చదివి వినిపించింది. తిరుపతి, "నేనే సంపుకున్న బండిని" అన్నాడు. ఆ తర్వాత అతను మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పొద్దున లేచి గడప పక్కన కూర్చునేవాడు, పిలిస్తే తినేవాడు. శాంతకు ఏడుపు రాలేదు. రావాలేమోనని ఒకటి రెండుసార్లు కూర్చుని చూసింది కూడా. కుట్టు కంపెనీలో ఆమె పని తప్పులు పట్టడం: కుట్టి వచ్చిన లంగాను తిరగేసి, కుట్టు జారిన చోట సుద్దతో గీత పెట్టి, చీటీ మీద సంతకం చేయడం. ఆ పని చేతులు చేసుకుపోతూనే ఉన్నాయి. నాలుగో రోజున సెలవు పెట్టి కోరుట్ల బస్సు ఎక్కింది.

ఎహసాన్ దుకాణం పెద్దరోడ్డు పక్కన, ఇంటి ముందరి గదిలోనే ఉంది. హారన్లు, రంగు లైట్లు, పాటల డబ్బాలు. వాటన్నిటికీ పైన, ఎవరికీ అందని అరలో, వరుసగా నల్లటి బాక్సులు.

"ఎహసాన్ అంటె నువ్వేనా?"

"నేనే అక్కా. ఏం బండి?"

"సచ్చిన బండి."

ఎహసాన్ నలభై ఏళ్ల మనిషి. చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. శాంత తాను ఎవరో చెప్పి ఉత్తరం చేతికిచ్చింది.

"తిరుపతన్న బండా? మంచిగ తోల్తడు గద."

"తోల్తుండె. నీ బాక్సు ఇంజన్ను తిన్నది. ఇప్పుడు గోడకు ఆనుకోని కూసుంటుండు. వచ్చి సూడు, గదీ మంచిగనే చేస్తుండు."

లోపలి నుంచి అతని తల్లి హఫీజా బేగం గొంతు వినిపించింది. "ఎవలురా?"

"ఏం లేదమ్మీ."

"ఏం లేకుంటె ఆడిమనిషి గింత ఎండల ఎందుకత్తది? కుర్సీ ఎయ్యి, నీళ్లియ్యి. కొట్టేదుంటె నీళ్లు తాగి కొడ్తది."

ఎహసాన్ కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. ఉత్తరాన్ని చివరి దాకా చదివి మడత పెట్టాడు. తర్వాత స్టూలెక్కి పై అరలోంచి ఒక బాక్సు తీసి, నాలుగు మూలలా ఉన్న స్క్రూలు విప్పి, మూత తీసి శాంత ముందు పెట్టాడు. లోపల ఒక చిన్న ఆకుపచ్చ బల్బు, దానికి రెండు వైర్లు, అడుగున అతికించిన సిమెంటు ముద్ద.

"గీ ముద్దేంది?"

"బరువుకు. బరువుంటెనే నమ్ముతరు."

"మిగిలిన సామాను ఏది?"

"గంతే సామాను. బండి కరెంటుతోని బల్బు వెలుగుతది. ఇంజనుకు దీనికి ఏం సంబంధం లేదు."

శాంత బల్బును చూసింది. కోపం రావలసిన సమయం ఇదేనని ఆమెకు తెలుసు. అది వచ్చే దారిలో ఎక్కడో ఆగిపోయినట్టుంది.

"అందరికి గిదేనా?"

"మూడేండ్ల సంది గిదే. అంతకు ముందు నిజంగ పనిచేసేటియే పెట్టిన. మా బావమర్ది బండిల పిస్టన్లు కరిగినయ్. అప్పటిసంది ఖాళీయి పెడుతున్న. అడిగెటోళ్లు ఆగరు గద, నేను లేదంటె ఇంకోని దగ్గర నిజమైంది పెట్టిచ్చుకుంటరు." మూత మళ్లీ బిగిస్తూ అన్నాడు, "నేను మోసగాన్నక్కా. ఇంజన్లు ఖరాబు చేసెటోన్ని మాత్రం కాదు."

"మరి నాలుగో గేరుల ఎట్ల ఎక్కింది?"

"బాక్సు పెట్టిచ్చుకున్నంక డ్రైవరు పానం పెట్టి తోల్తడు. ఎగుడు రాకముందే ఊపు అందుకుంటడు, చెవు ఇంజను మీదనే పెడతడు. బండి ముందుగాల గూడ ఎక్కేదే. గట్ల ఎక్కియ్యాలని ఆయనకే తోచలే."

ఆ ఎక్కడం శాంత చూసింది. వేసవి మొదట్లో బీర్పూర్‌లో ఆడబిడ్డ ఇంటికి పోయి, తిరుగు ప్రయాణంలో వడ్ల లారీలో తిరుపతి పక్కన కూర్చుంది. ఎగుడు మొదలవగానే అతను బండిని నాలుగో గేరులోనే ఉంచి, గేరు కర్ర మీంచి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బండి ఆయాసపడకుండా ఎక్కింది. పైకి చేరాక ఆమె వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. పదిహేడేళ్ల కాపురంలో అతను గర్వపడగా ఆమె చూసింది ఆ ఒక్కసారే.

"ఇది ఖాళీదని జగిత్యాలకు వచ్చి చెప్తవా?"

ఎహసాన్ అరలోని బాక్సుల వంక చూశాడు. "చెప్తె రేపటిసంది దుకాణం మెట్టు ఎవడెక్కుతడక్కా?"

శాంత బతిమాలలేదు. నీళ్ల గ్లాసు కింద పెట్టి లేచింది. ఆమె గడప దాకా పోయాక వెనక నుంచి అన్నాడు, "జుమ్మా నమాజు అయినంక అస్త. బండిల ఉన్న బాక్సే విప్పుదాం. లేకుంటె కొత్తది తెచ్చిండంటరు."

ఇంటికి వచ్చి చెబితే తిరుపతి విన్నాడు. "నా కాలు కింద బలమచ్చింది నాకు తెల్వదా?" అని మాత్రం అన్నాడు. శుక్రవారం నాడు అడగకుండానే చొక్కా వేసుకుని ఆమె వెంట బస్సెక్కాడు.

షోరూము వెనక ఆవరణలో, పైకెత్తి ఉన్న లారీ ముందుభాగాన్ని కిందికి దించారు. ఎహసాన్ డాష్‌బోర్డు కిందికి దూరి బాక్సు ఊడదీసి, దివాకర్ బల్ల మీద పెట్టి స్క్రూలు విప్పాడు. బల్బు, వైర్లు, సిమెంటు ముద్ద. తిరుపతి ఒక వేలితో ముద్దను తాకి, వేలు వెనక్కి తీసుకున్నాడు.

తన బండి సర్వీసు కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ సత్తయ్య అనే డ్రైవరు మెడ చాచి చూశాడు. "ఎహసాన్ భాయ్, నా దాంట్ల గూడ సిమెంటేనా?"

"నీ దాంట్ల గూడ అదే."

"నేను దానికి వారంవారం ఊదుబత్తి ముట్టిస్తున్న గదనయ్యా."

"బంద్ చెయ్యకన్నా. ఇంజను మంచిగనే ఉన్నది గద."

దివాకర్ నవ్వలేదు. అతను చెడ్డవాడు కాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి బయటపడవచ్చు.

"సరే, ఖాళీదే. ఫొటో తీసుకుంట. నిమ్మకాయలు కట్టుకున్నట్టు ఇదొకటి కట్టుకున్నరు, దీంతోని పంచాయితీ లేదు." ఫైలులోంచి తిరుపతి రాసిన కాగితం తీశాడు. "పంచాయితీ దీంతోని. బాక్సుకు బలం లేదు. మరి నిండు లోడు నాలుగో గేరుల ఎట్లెక్కింది? డ్రైవరు ఎక్కిచ్చిండు. పైనోళ్లు ఏమంటరు? మూడో గేరుల పోవాల్సిన కాడ నాలుగో గేరుల గుంజిచ్చిండు, ఇంజను మీద భారం పడ్డది, తప్పు వాడకం. మళ్ల వారంటీ లేదు."

"ఇంజను ఎందుకు పోయిందో విప్పి చూసిన్రు గద," అంది శాంత.

"చూసినం. ఆయిల్ పంపు పగిలింది. అది కంపెనీ సామానే, నేను కాదంటలేను. దీనికి గేరుకు సంబంధం లేదని నాకెరికే. గని పైన కూసున్నోళ్లు సామాను చూడరమ్మా. కాగితం చూస్తరు."

"అయితె ఏం రాయాలె?"

"ఎక్కలేదని. ఎన్నడు ఎక్కలే, డ్రైవరు పొరపడ్డడు."

"ఎక్కింది," అన్నాడు తిరుపతి.

అందరూ అతని వైపు చూశారు. మూడు వారాల తర్వాత అతను తల పూర్తిగా ఎత్తాడు.

"అన్నా, నేను మీ మంచికే..."

"ఎక్కింది. తొమ్మిదిసార్లు ఎక్కింది. గీయన బాక్సుల ఏం లేదంటుండు. మంచిది. అయితె నేనే ఎక్కిచ్చిన. బండిని సంపింది గూడ నేను కాదు. గీ రెండు ముచ్చట్లు ఇయ్యాల్నే తెలిసినయ్ నాకు. ఎక్కలేదని నేను రాయ."

దివాకర్ కుర్చీని శాంత వైపు తిప్పుకున్నాడు. "ఓనరు మీరు. డ్రైవరు రాసింది తప్పని ఓనరు రాసియ్యచ్చు. మీ సంతకం చాలు."

శాంత ఆలోచించింది. విరిగింది పంపు. దాన్ని చేసినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు, అతన్ని ఎవరూ ఏమీ రాసివ్వమని అడగరు. అడిగేది బండిని అందరికన్నా బాగా తోలినవాణ్ణి, తోలలేదని ఒప్పుకోమని. ఇంత తేటగా కనిపిస్తున్న అన్యాయం ఆమెలో ఏ కదలికా తేలేదు. లంగాను తిరగేసి చూసినట్టు చూసింది, ఎక్కడ గీత పెట్టాలో తెలిసింది.

"ముందు మీరు రాయుండ్రి సారు."

"నేనా? ఏం రాయాలె?"

"పంపు కంపెనీ సామాను, తనంతట తనే పగిలింది, దానివల్లనే ఇంజను పోయింది అని. మీ సంతకం, షోరూము ముద్ర. అది నా చేతికి వచ్చినంక నేను రాస్త."

దివాకర్ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. చివరకు రాశాడు. ముద్ర కొట్టాడు. శాంత ఆ కాగితాన్ని చదివి, తేదీ లేదని తిరిగి ఇచ్చి, తేదీ వేయించుకుని సంచిలో పెట్టుకుంది. అప్పుడు తెల్లకాగితం ముందుకు లాక్కుంది.

"శాంతా," అన్నాడు తిరుపతి. "నువ్వు పక్కకే ఉన్నవ్ ఆ దినం. సూసినవ్ గదనే."

"సూసిన."

"మరి?"

శాంత పెన్ను అందుకుంది. చెప్పగలిగింది ఒకటి ఉండేది: బండి లేకుంటే ఎక్కడానికి ఎగుడు కూడా ఉండదని. అది అతనికీ తెలుసు. తెలిసినదాన్ని చెబితే అవమానం రెండింతలవుతుంది. ఆమె రాసింది: "నా లారీ బీర్పూర్ ఎగుడును నిండు లోడుతో ఎన్నడూ నాలుగో గేరులో ఎక్కలేదు. డ్రైవరు పొరపడ్డాడు."

దివాకర్ వంగి చదివాడు. "మీరు బండిల ఉన్నరంటున్నడు గద. కండ్లార చూసిన్నని గూడ రాయుండ్రి. బలముంటది."

"నేను డ్రైవరు పక్కన కూర్చుని స్వయంగా చూశాను" అని శాంత చేర్చింది. గుండ్రటి, తప్పుల్లేని అక్షరాలు. కింద సంతకం చేసింది. కుట్టు కంపెనీలో చీటీ మీద చేసినట్టే చేసింది. చెయ్యి ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేదని ఆమెకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఎహసాన్ విప్పిన బాక్సును బల్ల మీదే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. అతని వెనకే సత్తయ్య వెళ్లాడు, ఇంకా ఏదో అడుగుతూ.

దివాకర్ మరొక ఫారం తీశాడు. ఈ కాగితం పైకి పోతే వారంటీ కింద కొత్త ఇంజను రెండు వారాల్లో వస్తుందని, అది బిగించి బండి అప్పగించేటప్పటికి ఈ వివరాలు కావాలని అన్నాడు. యజమాని పేరు రాసుకున్నాడు, బండి నంబరు రాసుకున్నాడు.

"డ్రైవరు పేరు? పాతదే ఉంచాల్నా?"

శాంత తిరుపతి వైపు తిరిగింది. అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"పొరపడనోన్ని ఎవన్నన్న రాసుకోండ్రి," అన్నాడు, క్యాలెండరు మీంచి చూపు తిప్పకుండా.

"తిరుపతి," అంది శాంత. "తండ్రి పేరు మొగిలయ్య."

దివాకర్ రాసుకుని లైసెన్సు నంబరు అడిగాడు. కొంతసేపటికి తిరుపతి జేబులోంచి లైసెన్సు తీశాడు. శాంత చెయ్యి చాచింది. అతను దాన్ని ఆమె చేతికివ్వకుండా బల్ల మీద, ఇద్దరికీ మధ్యన పెట్టాడు. ఆమె దాన్ని అందుకుని, ఒక్కొక్క అంకెగా నంబరు చదివి వినిపించింది.