గోడ మీద ఎల్లాజీ

రెండు నెలల క్రితం వేటకెళ్ళి తిరిగిరాని పడవ గురించి ఆ రోజు శ్రీకాకుళం మత్స్యశాఖ ఆఫీసులో ఆఫీసర్ల మీటింగు. స్లైడ్లు చేసింది ఆ ఆఫీసులోనే కంప్యూటర్ పని చూసే అనూరాధ. పడవలో వెళ్ళిన ఐదుగురిలో ఆమె తండ్రి ఎల్లాజీ ఒకడు.

సముద్రం, మ్యాపులు అడ్డం స్లైడ్లు. మనుషుల ఫోటోలేమో నిలువు. ఒకే ఫైల్లో రెండూ ఇమడవని ఆమె రెండు ఫైళ్ళు చేసి లింకు కలిపింది. సూపరింటెండెంటు చూసి మండిపడ్డాడు.

"ఈ లింకుల గోలేటి? అన్నీ ఒక్కదాన్లోనే పెట్టు. పక్కన ఖాళీ కనపడకూడదు, తెర నిండాల."

ఆయన సొమ్మేం పోయింది! ఎదురు చెప్పలేక అనూరాధ తండ్రి ఫోటోని అంచులు పట్టుకుని రెండువైపులా లాగింది. ఎముకల గూడులాంటి మనిషికి బుగ్గలు పొంగాయి, భుజాలు పరుచుకున్నాయి.

మీటింగులో ఆ బొమ్మ గోడంతా నిండింది. పడవలో పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళనీ పిలిచారు; అనూరాధ తల్లి తాతమ్మ పక్క కుర్చీలోనే ఉంది. అనూరాధ తలెత్తలేకపోయింది. ఇదేం పాడుపనని అమ్మ నలుగురిలో నిలదీస్తుందనుకుంది.

తాతమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

"ఒసే, మీ అయ్య కడుపునిండా తిన్నట్టున్నాడు సూడు," అంది మెల్లగా. "కాసేపు ఉంచే."

"నెక్స్ట్," అన్నారు ఆఫీసరు గారు.

అనూరాధ మౌస్ నొక్కింది. గోడ మీదికి మళ్ళీ సముద్రం వచ్చింది.