వరాలమ్మ ఇంట మోగిన ఫోను

నేను ఒక మోడెమ్‌ని. ఫోను తీగ వెంట కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపడం నా పని. ఏ దేశపు కర్మాగారంలోనో పుట్టి, విజయనగరంలో గౌరీశంకరం పెట్టిన కంప్యూటరు సెంటరుకు చేరాను. లైను కలిసేదాకా జనం నా కీచుగొంతు విని నవ్వేవారు, కలిశాక నన్ను మరిచిపోయేవారు. మనుషుల తీరే అంత.

ఇంటర్ ఫలితాలకు ముందురోజు లైను ఎంతకీ దొరకలేదు. విసిగిపోయిన గౌరీశంకరం వేరే నంబరు ఇచ్చి, కలిసేదాకా ఆపకుండా తిప్పమని నన్ను పురమాయించాడు. రొద భరించలేక నా స్పీకరు నొక్కేసి భోజనానికి వెళ్లాడు. నంబరు ఇచ్చే తొందరలో ఒక అంకె తప్పు కొట్టాడు.

అవతల ఎత్తింది యంత్రం కాదు.

“ఎవలండీ?” అంది ఓ ముసలి గొంతు.

నాకు వచ్చిన భాష కూత ఒక్కటే. కూశాను. జవాబు కూత రాలేదు గనక పెట్టేసి మళ్లీ తిప్పాను. ఆమె మళ్లీ ఎత్తింది. మొదట విసుక్కుంది, తర్వాత బతిమాలింది. కాసేపటికి ఆ గొంతు మెత్తబడింది.

“చిట్టీ, నువ్వేనా? కోపం ఇంకా పోనేదేటే? ఒక్క మాట పలకవే.”

నేను మళ్లీ కూశాను. తిప్పుతూనే ఉన్నాను. చివరకు అవతల ఎంగేజి మోత తప్ప మరేమీ వినిపించలేదు.

గౌరీశంకరం వచ్చి, తప్పు అంకె చూసి నాలుక కరుచుకుని దిద్దాడు. మర్నాడు ఫలితాల సందడిలో ఆ సంగతే మరిచాడు. కొన్నాళ్లకు టెలిఫోన్ లైన్‌మన్ వచ్చి, ఫలితాల ముందురోజు ఒక ఇంట ఆగకుండా మోగిన ఫోన్లన్నీ ఇక్కడి నుంచే వెళ్లాయని చెప్పాక ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తిరిగొచ్చి తన భార్య శారదతో చెబుతుంటే నేనూ విన్నాను.

ఆమె పేరు వరాలమ్మ. ఒకప్పుడు నర్సు. తల్లిని చివరి రోజుల్లో ఎవరు చూశారన్న మాట మీద, బరంపురంలో ఉన్న చెల్లెలు చిట్టితో ఏళ్లుగా మాటల్లేవు. ఆ మధ్యాహ్నం మోకాళ్ల నొప్పితో లేచీ లేచీ అలిసిపోయి, రిసీవరు పక్కన పెట్టి అలాగే నిద్రపోయింది. సరిగ్గా అప్పుడే ఆపరేషన్‌కు వెళ్లబోతూ చిట్టి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఎంగేజి. మళ్లీ చేసింది. మళ్లీ ఎంగేజే. “అక్క మనసు కరగలేదు,” అని కూతురితో అని లోపలికి వెళ్లింది. తిరిగి రాలేదు.

గౌరీశంకరం చేతులు జోడిస్తే వరాలమ్మ తిట్టలేదట. “మిషనుకేటి తెలుస్తాది బాబూ, ఫోను పక్కనెట్టింది నేనే గదా,” అందట. తర్వాత అడిగిందట: “అన్ని మార్లు మోగింది గదా, అందులో ఒక్కటైనా మా చిట్టిది కాదంటావా?”

“నువ్వేమన్నావు?” అంది శారద.

“అయ్యుండొచ్చమ్మా అన్నాను. ఇంకేం అనను?”

ఆ సాయంత్రమే నాకు హద్దు పెట్టాడు. మూడుసార్లు తిప్పి ఊరుకోవాలి, మధ్యలో కాసేపు ఆగాలి, స్పీకరు తెరిచే ఉండాలి. ప్రతి నంబరుకూ మొదటిసారి, అవతల మనిషి గొంతేమోనని, లైను కలిసేదాకా చెవి పెట్టి వినేవాడు. ఆలస్యమని జనం గొణిగినా వినడం మానేవాడు కాదు.

తర్వాత వేగమైన లైన్లు వచ్చాయి. ఇప్పుడు తుక్కు దుకాణంలో, తెగిన తీగల కింద ఉన్నాను. గౌరీశంకరం చెప్పిన ఆ జవాబును వరాలమ్మ నమ్మిందో లేదో తెలియదు. నమ్మి ఉంటే బాగుండును. ఆ మధ్యాహ్నం ఆమె ఎత్తిన ప్రతి ఫోనూ నాదే.