బ్లేడు మందం

ముప్పై ఏళ్లు మా ఆవిడ నా గడ్డం బ్లేడ్లు దొంగిలించింది. అందులో వాదించేదేమీ లేదు.

తెల్లవారగానే చన్నీళ్లు. చెంపల నిండా సబ్బు నురగ. డబ్బాలో చెయ్యి పెడితే… ఒకటి తక్కువ.

అడిగేవాణ్ణి.

"కాకి ఎత్తుకుపోయిందేమో," అనేది. "దానికీ గడ్డం పెరిగింది కాబోలు."

ఆవిడ పోయి రెండేళ్లు. కాకి మళ్లీ రాలేదు.

ఆవిడ మెకానిక్ కూతురు. మోటార్ సైకిల్ నాది, ఇంజన్ ఆవిడది. నేను నడిపేవాణ్ణి, ఆవిడ విప్పేది. అప్పుడప్పుడు తల వంచి వినేది — టిక్, టిక్, టిక్. "వడ్రంగిపిట్ట దూరిందయ్యా లోపల. తోలేస్తాను," అనేది. పెరట్లో కూర్చుని తోలేసేది.

నేను పెరటి గోడకు తగిలించిన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఉండేవాణ్ణి. ఆవిడ నా వీపు వెనక. అద్దంలో కనిపించేది.

ఏనాడూ వెనక్కి తిరగలేదు నేను.

ఆవిడ పోయాక పిట్ట మళ్లీ దూరింది. వీధి చివరి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. చప్పుడు వినబడకూడదని లోపల టిక్కుటిక్కుమని కొట్టుకునే ట్యాపెట్లు గట్టిగా బిగించేశాడు. పిట్ట నోరు మూసింది. మర్నాటి నుంచి ఇంజన్ కూడా నోరు మూసింది.

"అయిపోయింది పెద్దాయనా. ఇక పాత ఇనుమే," అన్నాడు.

అల్లుడు అందుకున్నాడు. "అత్తయ్యతోనే దాని ప్రాణమూ పోయింది మామయ్యా. ఆదివారం మధ్యాహ్నం ట్రాలీ తెచ్చి తీసుకుపోతాను."

"పోయింది మా ఆవిడ. బండి కాదు."

"అయితే స్టార్ట్ చేసి చూపించండి. మళ్లీ దాని జోలికొస్తే ఒట్టు."

ఆదివారం పొద్దున్నే ఆవిడ రేకుపెట్టె తెరిచాను. స్పానర్లు. స్క్రూడ్రైవర్. నూనెగుడ్డ. గుడ్డ మడతలో — నా బ్లేడు.

అంచులు అరగదీసి… తుప్పు పట్టి… సగానికి విరిగి.

దొంగసొత్తు దొరికింది. నిలదీద్దామంటే దొంగ లేదు.

స్పానర్ పట్టాను. అరవై రెండేళ్ల చేతికి అదే మొదటిసారి. ట్యాపెట్ మూత తిప్పాను. కదల్లేదు. బలంగా తిప్పాను. ఇంకా బిగిసింది.

ఆవిడ ఇటే తిప్పేది. నా కళ్లతో చూశాను. ముప్పై ఏళ్లు చూశాను…

అద్దంలో చూశాను — కుడి ఎడమగా.

లేచి వెళ్లి గోడ మీది అద్దం తీశాను. ఇంజన్ పక్కన ఇటుకకు ఆనించాను. అద్దంలోకే చూస్తూ, ఆవిడ తిప్పినట్టు తిప్పాను.

మూత వదిలింది.

అప్పుడు ఆవిడ వేళ్లు గుర్తొచ్చాయి. ట్యాపెట్ కింద ఏదో దూర్చేది. లాగేది. మళ్లీ దూర్చేది. తళుక్… తళుక్… ఏ రేకుముక్కో అనుకునేవాణ్ణి.

విరిగిన బ్లేడు వైపు చూశాను. తళుక్కుమన్నది ఇదే.

ట్యాపెట్ కింద ఉండాల్సిన సందు — ఒక బ్లేడు మందం. ఎక్కువైతే పిట్ట. తక్కువైతే గొంతు నొక్కినట్టే.

తుప్పు బ్లేడు వేళ్లలోనే పొడైపోయింది. ఇంట్లోకి వెళ్లాను. గడ్డం డబ్బాలోంచి కొత్తది ఒకటి తీశాను. తీస్తూ అటూ ఇటూ చూశాను — నా ఇంట్లో, నా బ్లేడుకి. మెట్టురాయి మీద అంచులు అరగదీశాను.

ఇంజన్ చక్రాన్ని మెల్లగా తిప్పి, దాని మీద ఆవిడ ఆపే గీత దగ్గర ఆపాను. మెకానిక్ బిగించింది వదులు చేసి, బ్లేడు దూర్చాను.

ఇంజన్ సంగతి నాకు తెలియదు. బ్లేడు సంగతి తెలుసు. నలభై ఏళ్లుగా గడ్డం గీసిన చెయ్యి ఇది. పట్టేయకూడదు. జారిపోకూడదు. నురగలో, చెంప మీద సాగినట్టు సాగాలి.

సాగింది.

బిగించాను. రెండోదీ అంతే. మూతలు పెట్టాను. అద్దంలో చేతులు… మణికట్ల దాకా నలుపు. నావేనా అవి?

కిక్ కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి — ఒక దగ్గు. మూడోసారి —

పెరడు నిండిపోయింది.

పిట్ట లేదు. ఒక్క టిక్ లేదు. ముసురు పట్టిన వానలా ఒకటే మోత.

ట్రాలీతో వచ్చిన అల్లుడు గుమ్మంలోనే ఆగాడు.

"ఎవరు చేశారు మామయ్యా?"

"నేను."

"మీరా! చేతికి మరకంటితే సబ్బంతా అరగదీసే మీరా!"

"ఎక్కు వెనక."

వీధి చివరి మెకానిక్ కొట్టు ముందు నుంచి వెళ్లాం. తిరిగి వచ్చాం. మళ్లీ వెళ్లాం.

"ఇంకెన్నిసార్లు మామయ్యా?"

"వాడు తలెత్తేదాకా."

మూడోసారి ఎత్తాడు.

ఈ వేళ తెల్లవారగానే చన్నీళ్లు. అద్దం మళ్లీ గోడకు. చెంపల నిండా సబ్బు నురగ. డబ్బాలో చెయ్యి పెట్టాను.

ఒకటి తక్కువ.

ఎక్కడుందో నాకు తెలుసు. రేకుపెట్టెలో, నూనెగుడ్డ మడతలో.

ఆవిడ అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణా…

బ్లేడ్ల సంగతి ఇక ఎత్తను. ఎవరి దగ్గరా. ఎప్పటికీ.