పెద్దమ్మ తల కింద నా చేతులు

వచ్చిన మగవాళ్ళలో ఎవరి టీలో చక్కెర వెయ్యాలో, ఎవరికి వెయ్యకూడదో నాకు తెలుసు. సంగంలో ఎవరికి ఏ పదవి ఇవ్వాలో మాత్రం తెలియదట. "నువ్వు టీ చూడు లోకా, ఇది మేము చూసుకుంటాం" అన్నాడు మా ఆయన నరసింహన్, కుర్చీలన్నీ నా చేత వేయించాక.

అది మా సంగం. బాహూరు చుట్టుపక్కల పల్లెల్లో, నా అన్నవాళ్ళు లేకుండా చనిపోయిన ఆడవాళ్ళకి చివరి స్నానం పోసి, చీర కట్టి సాగనంపే సంగం. జీతం లేదు, బస్సు ఛార్జీ కూడా ఎవరిది వాళ్ళదే. మొదలుపెట్టింది నేనూ, అమ్మాయమ్మ పెద్దమ్మా. కరోనా రోజుల్లో నా పుట్టినూరు బాహూరుకి పోయి అక్కడే చిక్కుకుపోయాను. పక్కింటి కన్నియమ్మాళ్ వయసు మీదపడి చనిపోయింది. కరోనాయేమోనని వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పెద్దమ్మ చెంగు నడుముకి దోపి, "రా పాపా, మనమన్నా మనుషులం గదా" అనింది. అప్పటినుంచి ఎక్కడినుంచి కబురొచ్చినా పోతూనే ఉన్నాం. ఒకరొకరుగా ఇంకొందరు ఆడవాళ్ళు కలిశారు. పదవులంటూ ఏమీ లేవు. పోయిన మనిషిని బాగా ఎరిగినవాళ్ళు ఆమె తల కింద చేతులు పెట్టి కూర్చుంటారు. ఆ కాసేపూ వాళ్ళ మాటే అందరికీ. ఎప్పుడు నీళ్ళు పొయ్యాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెప్తారు. రేపు ఇంకో ఇంట్లో ఇంకొకరు.

మేము కాపురముండే ఒర్లియంపేటకి తిరిగొచ్చాక మా ఆయన పెరట్లో నాకు వేరే బకెట్టు పెట్టాడు. శవాల్ని తోమిన చేతులతో నా కంచం ముట్టొద్దన్నాడు గానీ, వండొద్దని ఒక్కపూటా అనలేదు. మొన్న ఎవరో పెద్దమనిషి మా పని మెచ్చుకుని సభ పెడితే శాలువా కప్పించుకున్నది మా ఆయనే. "మా ఇంటామె చేసినా, నేను చేసినా ఒకటే" అని మైకులో చెప్పాడు. అందరితోపాటు చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ శాలువా తర్వాతే సంగాన్ని రిజిస్టర్ చెయ్యాలనిపించింది వాళ్ళకి. మా ఆయన తలైవరు, అంటే అధ్యక్షుడు. బజారులో ఆయన పక్క అంగడి శివరామన్ కార్యదర్శి. "ఆడోళ్ళకి మహిళా విభాగం అని ఒకటి పెడదాం. లోకేశ్వరి చూసుకుంటది" అన్నాడు శివరామన్. "ఇకమీద యాడికి ఎవురు పోవల్లనో తలైవరే చెప్పల్ల. ఎవురిష్టానికి వాళ్ళు పోతే సంగానికి మర్యాద ఏముంటది?"

వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని విన్నాను. వాళ్ళలో ఒక్కడూ ఏనాడూ ఒక బిందె నీళ్ళు తోడినవాడు కాదు. అప్పుడే ఫోను మోగింది. పెద్దమ్మ కోడలు సుందరి. "అక్కా, అత్త పోయింది" అనింది.

ట్రే గట్టు మీద పెట్టేశాను. పెద్దమ్మ కొన్నాళ్ళుగా మంచంలోనే ఉంది. పోయినవారం చూడబోతే నా చెయ్యి తీసుకుని తన తల కింద పెట్టుకుంది. "ఈ చేతులే కావల్ల పాపా, వేరే వాళ్ళకి ఇయ్యొద్దు" అనింది. నువ్వే మమ్మల్నందర్నీ సాగనంపి పోతావులే అని నవ్వేశాను. అమ్మ పోయాక నా మనసులోది చెప్పుకోవడానికి ఉన్నది ఆమె ఒక్కతే. బకెట్టు సంగతి కూడా ఆమెకే తెలుసు. ఇంక ఎవరికి చెప్పుకోను?

ముందుగదిలోకి పోయి చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. మా ఆయన, "మీటింగు సగంలో ఉంది. ఇంకా భోజనాలు ఉండాయి. కొత్తగా చేరిన పిల్ల, కీర్తిక, బాహూరులోనే ఉంది గదా. దాన్ని చెయ్యమందాం" అన్నాడు.

"పెద్దమ్మ నన్నే అడిగిందండీ."

"అడిగితే? ఎవురు పోవల్లనో చెప్పేది ఇప్పుడు నేను గదా."

గొంతులో కోపం కూడా లేదు. సాంబారులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పాడు. నాకు అదే ఎక్కువ బాధగా అనిపించింది.

పొయ్యి ఆర్పేశాను. చెప్పులేసుకుని వీధిలోకి వస్తుంటే, టీ ఏమైందని ఎవరో అడగడం వినబడింది. బాహూరు బస్సులో దారంతా ఏడ్చాను.

పెద్దమ్మని పెరట్లో బెంచీ మీద పడుకోబెట్టారు. బిందెలు నింపి, శీకాయ కలిపి, ఆడవాళ్ళంతా ఊరికే నిలబడి ఉన్నారు. కీర్తిక కూడా అక్కడే ఉంది. "బావ ఫోను చేసి కీర్తికని చెయ్యమన్నాడు. నువ్వు రావల్లని ఆగినాం అక్కా" అనింది సుందరి.

తలవైపు కూర్చుని చేతులు కింద పెట్టాను. ఎంత తేలికైపోయిందో. పోయినవారం నేను రాసిన కొబ్బరినూనె వాసన ఇంకా జుట్టులో ఉంది. ఆ వాసనకి నా దుఃఖం ఆగలేదు.

గోడవారన పెట్టిన నా సంచీలో ఫోను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. సుందరి తీసి చూసి, "బావ చేస్తా ఉండాడు. చెవి కాడ పెట్టేదా అక్కా?" అనింది.

"వద్దు" అన్నాను. "నీళ్ళు పొయ్యి."