మునిగిన మడి

వెల్గటూర్ దగ్గర, గోదావరి ఒడ్డున పొలంలోనే వసంత ఇల్లు. భర్త దుబాయ్‌లో ఉంటే, ఆమె, అత్త సమ్మవ్వ సాగు చేసుకుంటున్నారు. నాట్లు పడిన కొన్ని వారాలకే వరద వచ్చింది. బియ్యం, నీళ్ల బిందె డాబా మీదికి చేర్చేసరికి మెట్లు సగం మునిగాయి. ఫోన్ ఆగిపోయింది. రోడ్డు ఎటుందో కూడా తెలియడం లేదు.

డాబా మీద వేసిన రేకుల కింద కూర్చుంటే ఎదురుగా రెండు మళ్లు. ఒకదాంట్లో సమ్మవ్వ ఏటా వేసే పాత రకం వరి. రెండోదాంట్లో, మునకను తట్టుకుంటుందని వసంత జగిత్యాల నుంచి తెచ్చిన కొత్త రకం. రెండూ నీటి కింద మాయమయ్యాయి.

ఓ పొద్దున సమ్మవ్వ కేకేసింది. "సూడు, నా వరి తలెత్తింది!"

నిజమే. ఆకుల కొనలు నీటిపైకి వచ్చాయి. నీరు పెరిగినకొద్దీ అవీ సాగాయి. వసంత మడి మీద ఒట్టి ఎర్రనీళ్లే.

"నీది కుళ్లింది బిడ్డా."

వసంత ఇక కూర్చోలేక లేచింది. డాబా మీద పడి ఉన్న ట్రాక్టర్ ట్యూబు నడుముకు కట్టుకుంది. "పోయి ఎవల్నన్న తోల్కొస్త అత్తమ్మా."

"పోకు! గా వరదల బర్లే కొట్టుకపోతున్నయి. నీకేమన్నయితే నేనేం జెయ్యాలె?"

వినకుండా మెట్లు దిగింది. నీరు కాళ్లను లాగేసింది. గోడ పట్టుకుని ఎలాగో పైకి పాకి, వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం కూడా తగ్గించారు. పూటకో పిడికెడు తిని పడుకునేవారు.

చివరికి పడవ వచ్చి తీసుకుపోయింది.

వరద తీశాక తిరిగొచ్చారు. సన్నగా, పొడుగ్గా సాగిన సమ్మవ్వ వరి, నీటి ఆసరా పోగానే బురదలో పడి కుళ్లుతోంది. వసంత మడిలో మొక్కలు మునిగిన నాటి ఎత్తులోనే, పసుపుపచ్చగా ఉన్నాయి.

"ఇది పెరగనేలేదుగదనే!"

వసంత ఒక మొక్క మొదలు నొక్కి చూసింది. గట్టిగా ఉంది. "పెరుగుడు ఆపుకున్నదత్తమ్మా. ఉన్న బలం దాసుకున్నది."

కొన్నాళ్లకు ఆ మొక్కల నడిమధ్య నుంచి పచ్చటి ఆకు లేచింది. సమ్మవ్వ తన మడి గట్టు మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత కొంగు నడుముకు చుట్టింది.

"గా దుబ్బులు కొన్ని పీకియ్యి. పిలకలు చీల్చి నా దాంట్ల నాటుత."

ఆ పంటలో తినడానికి సరిపడా వడ్లు వచ్చాయి. ఆ వరద రోజుల తర్వాత, వాటిని ఆరబోయడానికి కూడా వసంత డాబా ఎక్కలేదు. రోడ్డు మీదే పోసింది.