మంగళవారం నాటి తీగ

ఎంబ్రాయిడరీ దుకాణంలో తీగ డిజైన్ మాయమైందని తెలిసి మూడు రోజులైంది. పదేళ్ల క్రితం అత్తగారు స్వయంగా గీసి కంప్యూటర్‌లోకి ఎక్కించిన పూలతీగ అది. దుకాణానికి వచ్చేవాళ్లు దుప్పట్ల అంచులకు అదే కావాలని అడిగి మరీ కుట్టించుకునేవారు. ఇప్పుడు ఫైలు తెరిస్తే తెల్లటి తెర తప్ప ఏమీ లేదు.

నెల రోజులుగా కంప్యూటర్ పని చూస్తున్నది కోడలే కాబట్టి, తప్పెవరిదని ఎవరూ అడగలేదు. తానే ఏదో నొక్కి ఉంటానని కోడలూ అనుకుంది. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు, అసలు మాటలే తగ్గించేసింది. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది కోడలికి.

నాలుగో రోజు పొద్దున కోడలు కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించింది.

"బ్యాకప్ రోజూ జరుగుతోందమ్మా. కానీ నెల రోజుల కాపీలకీ ఒకటే పేరు. ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చి చూడాలంటే తెల్లారిపోద్ది," అన్నాడతను.

"ఖాళీది ఏదో, నిండుది ఏదో తెరవకుండా తెలీదా అన్నయ్యా?"

"సైజు చూస్తే తెలుస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని పైకి చూపించదు గానీ, లోపల డేటాబేస్‌లో రాసిపెట్టుకుంటుంది. ఉండండి."

కాసేపు టకటకలాడించాడు. తెర మీద తేదీలు, పక్కనే సైజులు వరసగా దిగాయి. నాలుగువందల పన్నెండు కేబీ, మళ్లీ అంతే, మళ్లీ అంతే. పన్నెండో తారీఖు బుధవారం నుంచి మాత్రం మూడే మూడు కేబీ.

"ఇదిగో, బుధవారం పోయింది. మంగళవారం కాపీ నిక్షేపంగా ఉంది."

కోడలు తేదీ చూసింది. ఆ వారమంతా తను అక్క కాన్పుకని పుట్టింట్లో ఉంది. దుకాణంలో ఉన్నది అత్తగారొక్కతే.

"తేదీ సంగతి అత్తయ్యకి చెప్పకండి," అంది గొంతు తగ్గించి. "నా వల్లే పోయిందనుకోనివ్వండి. పెద్దావిడ నొచ్చుకుంటారు."

"ఎందుకు చెప్పకూడదే?"

వెనక టీ గ్లాసులతో అత్తగారు. తెర వైపు కళ్లు చికిలించి చూసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి నెమ్మదిగా కూర్చుంది.

"బుధవారం... ఆకుల రంగు మారుద్దామని నేనే తెరిచాను. అన్నీ ఒక్కసారే పోయాయి. భయపడి మూసేశాను. మూసేముందు కంప్యూటర్ ఏదో అడిగింది, సరేనని నొక్కాను."

అత్తగారు నవ్వబోయి ఆగింది.

"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. మూడు రోజులు నిన్ను ఏడిపించానమ్మాయ్."

"మీరేమన్నారు అత్తయ్యా, ఒక్క మాటైనా అనలేదుగా."

"అదేనే నేను చేసిన పాపం."

కోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అతను టీ తాగుతూ మంగళవారం కాపీని వెనక్కి తెచ్చాడు. తెర మీద తీగ పువ్వు పువ్వుగా పరుచుకుంది.

అతను వెళ్లాక అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఈసారి పక్కనే ఉండి నేర్పు. నేను తొందరపడితే చెయ్యి మీద ఒకటి వెయ్యి."

"వేస్తా మరి, తర్వాత అనుకోకూడదు," అంది కోడలు, మౌస్ ఆమె చేతికిస్తూ.