కుంకుమ మింగిన స్విచ్చి

నేను ఒక ఇగ్నిషన్ స్విచ్చిని. ఎర్ర స్పోర్ట్స్ కారులో స్టీరింగు పక్కన తాళంచెవి పెట్టే బొక్క ఉంటుందే, దానికి సరిగ్గా వెనక నా కాపురం. తాళం తిప్పగానే నా లోపల రెండు రాగి బిళ్ళలు ఒకదాన్నొకటి తాకుతాయి. బ్యాటరీ కరెంటు నాలోంచి పోతుంది, ఇంజను గాండ్రిస్తుంది. ఆ గాండ్రింపు విని జనం ఇంజన్ని మెచ్చుకుంటారు. నన్ను మెచ్చుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు, పుట్టకపోయినా నాకేం బాధ లేదు. నా కోపమల్లా ఒకే ఒక్క మనిషి మీద. పేరుతో సహా చెబుతాను, వినండి.

సముద్రం అవతల ఒక కార్ఖానాలో పుట్టాను. ఒక నడివయసు ఆవిడ నన్ను యాభైసార్లు తిప్పి, యాభైసార్లూ టక్కుమన్నాకే పెట్టెలో పెట్టింది. నా మొదటి యజమాని బెంగళూరులో పళ్ళ డాక్టరు. ఆయన తాళంచెవికి కీచెయిన్ కూడా ఉండేది కాదు. రోగి పన్ను ముట్టుకున్నంత మెల్లగా తిప్పేవాడు. అంత మర్యాదస్థుడి చేతిలో ఆరేళ్ళు బతికాను. నడుం నొప్పి వచ్చి, అంత కిందికి ఉండే కారులో ఎక్కలేక దిగలేక ఆయన దాన్ని అమ్మేశాడు. కొన్నవాడు చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఉన్న భుజంగరావు. ఇదుగో, నేను చెప్పిన మనిషి ఇతనే.

కారు ఒంగోలు వచ్చిన రోజే పూజ జరిగింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద స్వస్తిక్, దండ, కొబ్బరికాయ, అన్నీ సవ్యంగానే జరిగాయి. పంతులుగారు లేవబోతుంటే భుజంగరావు ఆపాడు.

"పంతులుగారూ, బండికి ప్రాణం ఇక్కడ గదా ఉండేది. ఇక్కడ పెట్టకపోతే ఎట్టా?"

"బానెట్ మీద పెట్టాం గదండీ, అది చాలు."

"చాలదు" అని ఆ మహానుభావుడు తన చేత్తోనే చిటికెడు కుంకుమ తీసి తాళం బొక్కలో కూరాడు. దాని మీద పసుపు. దాని మీద చిప్పలో మిగిలిన కొబ్బరినీళ్ళు. నా గొంతులోకి ఎర్రటి బురద దిగింది. ఒక్కరోజుతో వదిలిపెట్టాడా? ప్రతి శుక్రవారం అదే తంతు. అది చాలదన్నట్టు తాళంచెవికి క్వారీ ఆఫీసు తాళాలు, ఇనప్పెట్టె తాళం, అరచెయ్యంత ఇత్తడి ఆంజనేయుడు, అన్నీ కలిపి అరకేజీ గుత్తి. గతుకుల రోడ్డు మీద ఆ గుత్తి ఊగినప్పుడల్లా నా బిళ్ళలు ఒరుసుకుపోయేవి.

ఏడాది తిరిగేసరికి నాకు జబ్బు చేసింది. తాళం తిప్పితే ఒకసారి స్టార్టయ్యేది, మూడుసార్లు అయ్యేది కాదు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయేవి. భుజంగరావు స్టీరింగ్ మీద గుద్ది బూతులు తిట్టేవాడు. చివరికి ఒకరోజు కర్నూలు రోడ్డులో, అంకమ్మ ఆటో ఎలక్ట్రికల్స్ ముందు కారు మొరాయించింది.

అంకమ్మకు నలభై దాటాయి. తండ్రి దగ్గర లారీల వైరింగ్ నేర్చుకుంది, ఆయన పోయాక షాపు తనే నడుపుతోంది. మీటరు తెచ్చి బ్యాటరీ చూసింది. ఒక వైరు తీసి నేరుగా స్టార్టర్ మోటారుకు తాకించింది. ఇంజను తిరిగింది. తర్వాత టెస్ట్ లైటు పట్టుకుని స్టీరింగ్ కిందికి దూరింది. నా ముందు పెడితే బల్బు వెలిగింది. నా వెనక పెడితే వెలగలేదు. పావుగంటలో నా జబ్బు పట్టేసింది! ఆ పళ్ళ డాక్టరు తర్వాత నన్ను పద్ధతిగా ముట్టుకున్న చెయ్యి మళ్ళీ అదే.

"బ్యాటరీ బాగుందండీ, స్టార్టరూ బాగుంది. కరెంటు స్విచ్చి దాకా వస్తంది, దాటి పోవట్లా. మీరు కుంకం పోస్తన్నారు గదా, అది కొబ్బరినీళ్ళతో కలిసి లోపల అట్టు కట్టింది. ఈ గుత్తి కూడా తగ్గించుకోండి, బిళ్ళలు అరిగిపోతన్నాయి."

"అంటే నా పూజ వల్ల బండి చెడిందంటావా?"

"పూజ వల్లని నేనన్లేదండీ. నేనూ శుక్రవారం నా మీటరుకి బొట్టు పెడతా. మూత మీద పెడతా, లోపల పొయ్యను."

భుజంగరావు వెనక నిలబడ్డ ఇద్దరు క్వారీ మనుషులు ఆ మాటకి కిసుక్కున నవ్వారు. అంతే, అతని ముఖం కందగడ్డ అయింది.

"లారీలకి హారన్లు బిగించుకునేదానివి, నా కారు సంగతి నీకేం తెలుసు? తియ్ చెయ్యి!"

అక్కడితో ఆగినా నేను క్షమించేదాన్నేమో. ఆగలేదు. కారులో కూర్చునే ఫోన్లు మొదలుపెట్టాడు. అతని క్వారీ రాళ్ళు మోసే లారీల ఓనర్లు పదిహేడు మంది. పదిహేడు మందికీ ఒకటే పాట. "ఆ అంకమ్మ దగ్గరికి బండి పంపబాకండి. అది ముట్టుకుంటే వైరింగ్ తగలబడిద్ది. నా కారునే నాశనం చేసింది." పచ్చి అబద్ధం! స్టీరింగు ముందు కూర్చుని, నా ఎదురుగానే చెప్పాడు. అతని లోడు మీద బతికేవాళ్ళు కాదంటారా? రోజూ ఆ రోడ్డు మీదే పోతాం కాబట్టి అంతా చూశాను. వారం తిరక్కుండా షాపు ముందు లారీలు మాయమయ్యాయి. అంకమ్మ స్టూలు మీద కూర్చుని, తుడిచిన స్పానర్లనే మళ్ళీ తుడుస్తూ కనిపించేది. ఒకరోజు షాపు అద్దెకివ్వబడును అని రాసిన అట్టముక్క కూడా చూశాను.

కారు హైదరాబాదు షోరూముకి పోయి వచ్చింది. వాళ్ళు ల్యాప్‌టాప్ పెట్టి చూసి బ్యాటరీ మార్చారు, స్టార్టరు మార్చారు, నన్ను తప్ప అన్నీ మార్చారు. భుజంగరావు కాలరెగరేసుకుని తెచ్చుకున్నాడు. ఆ శుక్రవారం మళ్ళీ కుంకుమ.

అప్పుడే పగ తీర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. హైవే మీద నూట అరవైలో పోతున్నప్పుడు నా బిళ్ళలు ఒక్క క్షణం విడిపోతే చాలు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ పక్కన సైకిళ్ళ మీద కూలికి పోయేవాళ్ళు ఉంటారు, వాళ్ళేం చేశారు? పైగా చచ్చినవాడికి అవమానం తెలియదు. ఇతనికి తెలియాలి. పదిమందిలో తెలియాలి. అందుకని పంటి బిగువున నా బిళ్ళల్ని పట్టుకుని, రోజులు లెక్కపెడుతూ ఓర్చుకున్నాను.

క్వారీ నుంచి బయటికి ఒకటే దారి, కాటా గేటు. లారీలన్నీ అక్కడ తూకం వేయించుకుని పోవాలి. భుజంగరావుకి ఒక అలవాటు ఉంది. కారుని సరిగ్గా ఆ గేటుకి అడ్డంగా ఆపి, గుమాస్తాని తిడుతూ కూర్చుంటాడు. వెనక లారీలు ఆగిపోవాలి. ఎవరూ హారన్ కొట్టకూడదు. ఒక మంగళవారం సాయంత్రానికల్లా రాళ్ళు కృష్ణపట్నం రేవుకి చేరాలి. లేకపోతే ఓడ వెళ్ళిపోతుంది. ఉదయం పదింటికి అలవాటు ప్రకారం గేటుకి అడ్డంగా ఆపాడు, ఇంజను కట్టేశాడు, తిట్లు పూర్తిచేసి మళ్ళీ తాళం తిప్పాడు.

నేను బిళ్ళల్ని వదిలేశాను.

కరెంటు లేకపోతే ఆ కారు గేరు కదలదు, చక్రాలు తిరగవు. నెట్టబోతే ఇంచి జరగలేదు. క్రేనుతో ఎత్తుదామంటే "గీత పడితే చంపుతా" అని అరిచాడు. షోరూముకి ఫోన్ చేస్తే, తాళం తీసి మళ్ళీ పెట్టి చూడండి సార్ అన్నారు. తీశాడు, పెట్టాడు, తీశాడు, పెట్టాడు. వెనక నలభై లారీలు చేరాయి. ఎండ మండిపోతోంది. మొదటి లారీ డ్రైవరు పేరయ్య దిగొచ్చి చెప్పాడు.

"అంకమ్మక్కని పిలుద్దామండీ. ఇంకెవరి వల్లా కాదు."

"నోర్ముయ్" అన్నాడు భుజంగరావు. పన్నెండున్నరకి రేవు నుంచి మూడో ఫోన్ వచ్చాక, ఎటో చూస్తూ, "పిలువు" అన్నాడు.

అంకమ్మ మోపెడ్ మీద వచ్చింది. కారు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను ముట్టుకుంటే వైరింగ్ తగలబడిద్దంట గదండీ. ముట్టుకోమంటారా?"

భుజంగరావు ఏదో గొణిగాడు.

"వినపళ్ళేదండీ."

"ముట్టుకోమ్మా!"

నన్ను కప్పిన ప్లాస్టిక్ మూత విప్పింది. టెస్ట్ లైటు తీసి అతని చేతికే ఇచ్చింది. "మీరే పెట్టి చూడండి. నేను చెబితే నమ్మరు. ఇక్కడ పెడితే ఎలగతందా?"

స్టీరింగ్ కింద తల దూర్చి, చెమటలు కక్కుతూ భుజంగరావు అన్నాడు, "ఎలగతంది."

"ఇప్పుడు ఇటుపక్క."

"ఎలగట్లా."

"గట్టిగా చెప్పండి, వెనక లారీలోళ్ళకి కూడా వినపడాల."

"ఎలగట్లా!"

"అయితే చెడింది ఏదండీ?"

స్టీరింగ్ కింద నుంచి తల బయటికి తీయకుండానే అన్నాడు, "స్విచ్చి."

నలభై మంది డ్రైవర్లు విన్నారు. ఆహా, అంత చల్లటి మాట నా జన్మలో వినలేదు! అంకమ్మ తాళం గొట్టాన్ని అక్కడే ఉంచి, వెనక ఉన్న నన్ను ఊడదీసి, బానెట్ మీద పేపరు పరిచి రెండుగా విప్పింది. ఏడాది కుంకుమ ముద్దలు ముద్దలుగా రాలింది. పేరయ్య తొంగిచూశాడు. "ఇదేందక్కా, ఆవకాయ జాడీలాగుంది!" నవ్వులే నవ్వులు. ఈసారి భుజంగరావు ఎవర్నీ నోరు ముయ్యమనలేకపోయాడు.

నాలాంటి స్విచ్చి విదేశాల నుంచి రావాలంటే మూడు నెలలు. అందాకా లారీలకి వాడే స్టార్టింగ్ బటన్ ఒకటి, వైరుకి వేలాడేట్టు బిగించింది. ఊరంతా చూసే ఆ ఎర్ర కారుని, తలుపుగంట నొక్కినట్టు ఆ నల్ల బటన్ నొక్కి స్టార్ట్ చేసుకుని పోయాడు. కారు పక్కకి తప్పుకోగానే నలభై హారన్లూ ఒక్కసారే మోగాయి.

నన్ను అంకమ్మ తన షాపుకి తెచ్చుకుంది. విప్పింది విప్పినట్టే, కుంకుమతో సహా గాజుసీసాలో వేసి కౌంటరు మీద పెట్టింది. వచ్చినవాడల్లా అడుగుతాడు, ఆమె చెబుతుంది. పది రోజులకి భుజంగరావే వచ్చాడు, నడుచుకుంటూ.

"అది నా వస్తువు. ఇచ్చెయ్."

"మీదేనండీ. ఇస్తా. మీరు పదిహేడు మందికి ఫోన్ చేసి చెప్పారంట. ఇప్పుడు ఫోన్లో వద్దు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి, అంకమ్మ చెప్పిందే నిజం, నేను చెప్పింది అబద్ధం అని చెప్పి రండి. వాళ్ళ లారీ నా షాపు ముందుకొస్తే నాకు తెలిసిద్ది. పదిహేడోది వచ్చిన రోజు సీసాతో సహా పట్టుకుపోండి."

తిట్టబోయాడు. అప్పటికే షాపు ముందు ముగ్గురు డ్రైవర్లు చేరి చూస్తున్నారు. నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ్టికి ఆరు లారీలు వచ్చాయి. అద్దె అట్టముక్క ఇప్పుడు అంకమ్మ నూనె డబ్బా కింద ఉంది. భుజంగరావు ఇంకా పదకొండు గడపలు ఎక్కాలి. నాకేం తొందర లేదు. నిన్న ఏడో ఓనరు గేటు తీయకుండా అతన్ని ఎండలో గంటసేపు బయటే నిలబెట్టి, మళ్ళీ రమ్మని పంపేశాడట. పేరయ్య వచ్చి ఆ సంగతి చెబితే, మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుని మరీ విన్నాం, అంకమ్మా నేనూ.